ఈత రాని నావికుడు



మన హాస్టల్ సంచికకు ఒక ప్రముఖుని జీవితం రాయమన్నప్పుడు నాకు జాషువా స్లోకమ్ గుర్తుకొచ్చాడు. చిన్న పడవలో ఒంటరిగా ప్రపంచాన్ని చుట్టివచ్చిన మొట్టమొదటి మనిషి ఆయన. ఆయన తండ్రిదీ మా నాన్నదీ ఒకటే పని, తోలు పని. అందుకే ఆయన నాకు దగ్గరివాడనిపిస్తాడు.

స్లోకమ్ 1844లో కెనడాలోని నోవాస్కోషియాలో పుట్టాడు. పదేళ్ళకే బడి మానిపించి, తండ్రి తన బూట్ల దుకాణంలో కూర్చోబెట్టాడు. దొంగచాటుగా చెక్కుకున్న చిన్న ఓడబొమ్మను తండ్రి పగలగొట్టాడు. ఇంట్లోంచి పారిపోయి, చేపల పడవలో వంటవాడిగా చేరాడు. రాత్రుళ్ళు చదువుకుంటూ పెద్ద ఓడలకు కెప్టెన్ అయ్యాడు.

తరువాత అన్నీ కష్టాలే. 1884లో భార్య వర్జీనియా చనిపోయింది. 1887లో బ్రెజిల్ తీరంలో సొంత ఓడ ఇసుకమేటకు తగిలి పగిలిపోయింది. దానికి బీమా లేదు. అక్కడే ఒక పడవ కట్టుకుని, రెండో భార్యతో, పిల్లలతో అమెరికా చేరాడు. అప్పటికి ఆవిరి ఓడలు వచ్చేశాయి. తెరచాప ఓడల కెప్టెన్‌కు పని లేదు.

1892లో ఒక మిత్రుడు 'స్ప్రే' అనే పాత పడవను ఇచ్చాడు. అది పొలంలో పడి కుళ్ళిపోతోంది. పొడవు 37 అడుగులకు కాస్త తక్కువ. చెట్టు నరికిన దగ్గర నుంచి ప్రతి పనీ తానే చేసి, 13 నెలల్లో, 553 డాలర్లతో దాన్ని కొత్తది చేశాడు. 1895 ఏప్రిల్ 24న బోస్టన్ నుంచి బయలుదేరాడు. దారిలో అద్దం పగిలిన గడియారాన్ని ఒక డాలరుకు కొన్నాడు. తెరచాపలు సరిగ్గా సర్ది చుక్కాని కట్టేస్తే స్ప్రే తనంతట తానే దారి పట్టుకుని పోయేది. అప్పుడే ఆయనకు నిద్ర.

అదే ఏడాది డిసెంబరులో, ఉరుగ్వే తీరం పక్కగా వెళ్తుంటే స్ప్రే ఇసుకలో దిగబడింది. అలలు దాన్ని ఇంకా ఒడ్డుకు నెట్టేస్తాయి. లోతు నీళ్ళలో లంగరు వేసి, దాని తాడు పట్టుకుని లాగితేనే పడవ కదులుతుంది. బరువైన లంగరును చిన్న తెడ్ల పడవలో పెట్టుకుని వెళ్ళాడు. లంగరు నీళ్ళలో వేయగానే ఆ పడవ బోర్లాపడింది. ఆయనకు ఈత రాదు! అంచు పట్టుకుని వేలాడుతూ, మళ్ళీ మళ్ళీ ప్రయత్నించి దాన్ని తిప్పాడు. దొరికిన ఒక్క తెడ్డుతో ఒడ్డు చేరాడు. తరువాత తీరవాసుల సాయంతో లంగరు తాడు లాగి స్ప్రేను నీళ్ళలోకి తెచ్చుకున్నాడు.

మాగెల్లాన్ జలసంధిలో, రాత్రిపూట ఎవరూ ఎక్కకుండా పడవ మీద చిన్న మేకులు చల్లి పడుకున్నాడు. సెయింట్ హెలీనాలో ఎక్కించుకున్న మేక ఆయన దారి పటాన్ని తినేసింది! అయినా 46,000 మైళ్ళు తిరిగి, 1898 జూన్ 27న అమెరికాలోని న్యూపోర్టు చేరాడు. బడి మానిపించిన ఆ పిల్లవాడు 1900లో తన యాత్రను పుస్తకంగా రాశాడు. ఇప్పటికీ దాన్ని చదువుతున్నారు.

కొన్నేళ్ళ తరువాత ఒక నవంబరులో అదే స్ప్రేలో ఒంటరిగా వెళ్ళి తిరిగి రాలేదు. 1924లో చనిపోయినట్టు ప్రకటించారు. కాబట్టి ధైర్యముంటే చాలని నేను చెప్పను. మీరు ఈత నేర్చుకోండి.

మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే మొదటివాణ్ణి. ఇంటర్ ఫస్టియర్‌లో రెండు సబ్జెక్టులు పోయినప్పుడు పెట్టె సర్దుకున్నాను. ఆ రాత్రి ఆపింది పక్క మంచం మీది మిత్రుడు. ఇసుకలో దిగబడిన పడవ పాడైపోయిన పడవ కాదు. ఈ ఏడు తప్పిన తమ్ముడెవరైనా ఉంటే, దయచేసి పెట్టె సర్దకు. ముందు వచ్చి మాలో ఎవరితోనైనా మాట్లాడు.