ఆయుధం ఇవ్వనన్న మిత్రుడు

మిత్రుడు యుద్ధానికి వెళ్తున్నాడు. డబ్బిస్తాను, ఆయుధాలూ సైనికులూ ఇమ్మంటున్నాడు. ఇవ్వాలా, మానాలా? ఇస్తే రక్తపాతంలో పాలివారమవుతాం. మానితే మాట తప్పినవారమంటారు. ఈనాటి దేశాలను వేధిస్తున్న ఈ ప్రశ్న రెండు శతాబ్దాల క్రితం మన తెలుగు నేల విషయంలోనే ఒక భక్తిపరుడైన పాలకుని ముందు నిలిచింది. ఆయనే సర్ జాన్ షోర్.

1751లో లండన్‌లో పుట్టిన షోర్ 1769లో ఈస్టిండియా కంపెనీ గుమాస్తాగా కలకత్తా చేరాడు. లంచాలు, కానుకలు మరిగిన ఆ కొలువులో నిజాయితీపరుడన్న పేరు తెచ్చుకున్నాడు. 1793 అక్టోబరులో గవర్నర్ జనరల్ అయ్యాడు. మిషనరీ విలియం కేరీ కలకత్తాలో అడుగుపెట్టింది ఆ మరుసటి నెలలోనే!

అప్పట్లో మన జనగామ, మానుకోట, భూపాలపల్లి ప్రాంతాలు హైదరాబాదు నిజాం అలీఖాన్ ఏలుబడిలో ఉండేవి. టిప్పు సుల్తానును ఎదిరించడానికి 1790లో కంపెనీ, నిజాం, మరాఠా పీష్వా ఒక్కటయ్యారు. టిప్పు ఓడాక మిత్రుల మధ్యే తగవు రేగింది. చౌత్ బకాయిలు కట్టమని మరాఠాలు నిజాం మీదికి కదిలారు. నిజాం ఖర్చులు భరించి ఉంచుకున్న కంపెనీ పటాలాలు రెండు హైదరాబాదులో ఉన్నాయి. వాటిని తన వెంట పంపమని, అండగా నిలవమని నిజాం కోరాడు.

షోర్ తూచి చూశాడు. ఆ పటాలాలను కంపెనీ మిత్రుల మీద వాడకూడదని 1789లోనే కారన్‌వాలిస్ నిజాముకు రాసి ఇచ్చాడు. మరాఠాలూ మిత్రులే. పైగా దండయాత్రలు, కొత్త యుద్ధాలు కూడదని 1784 నాటి బ్రిటిష్ చట్టం కట్టడి చేసింది. ఒక మిత్రుని సొమ్ముతో నడిచే తుపాకిని మరో మిత్రుని గుండెకు గురిపెట్టడం ఎలా? అయితే సాయం మానితే బలహీనుడైన నిజాం చితికిపోతాడనీ, కంపెనీ స్నేహానికి విలువ పోతుందనీ కూడా షోర్‌కు తెలుసు. అన్నీ తెలిసే వద్దన్నాడు.

1795 మార్చిలో ఖర్దా దగ్గర నిజాం ఓడిపోయాడు. దౌలతాబాదు కోటను, విస్తారమైన భూములను వదులుకున్నాడు. కోట్ల రూపాయలు చెల్లిస్తానని ఒప్పుకున్నాడు. తన ప్రధానమంత్రినే పుణె వారికి బందీగా అప్పగించాడు. హైదరాబాదు తిరిగొచ్చి కంపెనీ పటాలాలను పొమ్మన్నాడు. ఫ్రెంచి సేనాని రేమండ్ దళాన్ని ఇంకా పెంచుకున్నాడు. అది సుమారు 14 వేలకు చేరింది. హైదరాబాదులోని గన్‌ఫౌండ్రీ పేరు ఆ రేమండ్ ఫిరంగుల కార్ఖానా నుంచి వచ్చిందే. షోర్ ఇవ్వనన్న ఆయుధం మరో గుమ్మం నుంచి వచ్చింది!

మరి ఇచ్చి ఉంటే మేలు జరిగేదా? షోర్ తర్వాత వచ్చిన వెల్లస్లీ 1798లో నిజాముకు ధారాళంగా సైన్యమిచ్చాడు. దానికి ధరగా 1800లో కడప, బళ్లారి, అనంతపురం సీమలు కంపెనీపరమయ్యాయి. దత్తమండలాలంటే అవే. ఆయుధం దొరకక నిజాం కోటను పోగొట్టుకున్నాడు. ఆయుధం దొరికి స్వాతంత్ర్యాన్నే పోగొట్టుకున్నాడు.

యెహోషాపాతు రాజు ఆలోచించక అహాబుతో కలిసి రామోత్గిలాదు యుద్ధానికి వెళ్లాడు. ప్రాణాలతో బయటపడ్డా, తిరిగొచ్చాక హనానీ కుమారుడైన యెహూ చేత గద్దింపు తిన్నాడు (2 దిన. 18, 19 అధ్యాయాలు). స్నేహం పేరిట ప్రతి యుద్ధానికీ తోడు వెళ్లనక్కర లేదని మనకు అక్కడ బోధపడుతుంది. ఆ పాఠం షోర్ పాటించాడు. అందుకు పిరికివాడన్న నిందనూ మోశాడు.

అలాగని ఆయనలో లోపం లేదనలేం. ముగ్గురు మిత్రులూ ఒకరికొకరు హామీ ఇచ్చుకునే ఒప్పందం కోసం కారన్‌వాలిస్ ప్రయత్నం మొదలుపెట్టాడు. పుణె దర్బారు ఇష్టపడకపోవడంతో షోర్ దాన్ని వదిలేశాడు. ఆయన చేతికి రక్తం అంటలేదు గాని, ఆ చేయి ఇద్దరినీ కలపనూ లేదు. ఆ తర్వాత 1798లో అవధ్ గద్దె మీద ఒకరిని దించి మరొకరిని ఎక్కించడానికి ఆయనే సైన్యం వెంటబెట్టుకుని నిలిచాడు. భక్తిపరుల జీవితాల్లోనూ ఇలాంటి పొసగని పుటలుంటాయి.

ఆ ఏడాదే ఆయన ఇంగ్లండు చేరాడు. లార్డ్ టైన్‌మౌత్ అయ్యాడు. క్లాఫమ్‌లో విల్బర్‌ఫోర్స్ వంటి విశ్వాసుల సహవాసంలో గడిపాడు. 1804లో ఏర్పడిన బ్రిటిష్ అండ్ ఫారిన్ బైబిల్ సొసైటీకి తొలి అధ్యక్షుడై, 1834లో కన్నుమూసేవరకు సుమారు 30 ఏళ్లు సేవ చేశాడు. 1811లో కలకత్తాలో మొదలైన దాని శాఖే నేటి బైబిల్ సొసైటీ ఆఫ్ ఇండియాకు మూలం. మన ఇళ్లలోని తెలుగు బైబిళ్లలో చాలావాటి మీద ఆ సొసైటీ పేరే ఉంటుంది. ఆయుధం పంపనన్నవాడు వాక్యాన్ని పంపడంలో పాలుపంచుకున్నాడు!

మన పల్లెల్లోనూ గట్టు తగాదాలో అన్న ఒకవైపు, తమ్ముడు మరోవైపు మన గడపకొస్తారు. కేసు ఖర్చులకు అప్పడుగుతారు, సాక్ష్యం చెప్పమంటారు, సంఘం తమ పక్షాన నిలవాలంటారు. కాదనడం కష్టమే అయినా కాదనాలి. కాని అంతటితో మన పని తీరదు. తలుపు వేసుకుంటే వారు వేరే గుమ్మానికెళ్లి ఆయుధం తెచ్చుకుంటారు. ప్రభువు ధన్యులన్నది తగవుకు దూరంగా ఉన్నవారిని కాదు, సమాధానపరిచేవారిని. కనుక ఇవ్వనన్న ఆ చేతితోనే అన్నదమ్ములిద్దరినీ పట్టుకుని ఒక్క చాప మీద కూర్చోబెడదాం.