కర్నల్ మెకంజీ

స్కాట్లండునకు పడమట సముద్రమధ్యమున లూయిస్ అను ద్వీపము కలదు. అందలి స్టోర్నవే పట్టణమున 1754 ప్రాంతమున కాలిన్ మెకంజీ జన్మించెను. గణితమన్న అతనికి మిక్కిలి మక్కువ. 1783లో అతడు ఈస్టిండియా కంపెనీ సైన్యమున చేరి చెన్నపట్నమునకు వచ్చెను. మరల స్వదేశమును చూడనేలేదు.

సైన్యమునకు దారులను, నదులను, కోటలను చూపు పటములు గీయుట అతని పని. 1793లో పుదుచ్చేరి ముట్టడియందును, 1799లో టిప్పు సుల్తాను మరణించిన శ్రీరంగపట్టణ యుద్ధమునందును, 1811లో జావా దండయాత్రయందును అతడు పాల్గొనెను.

దేశమును కొలుచుచు తిరుగునపుడు పాడుపడిన గుడులు, శిలాశాసనములు అతని కంటబడుచుండెడివి. వాని చరిత్ర తెలిసికొన వలెనని కోరిక కలిగెను. కాని ఈ దేశభాషలు రావు. 13 సంవత్సరము లట్లే గడచెను. 1796లో ఏలూరు వాస్తవ్యుడైన కావలి వేంకట బొర్రయ్య అతని కొలువున చేరెను. బహుభాషలు నేర్చిన ఆ యువకుడు పురాతన లిపులను చదువ నారంభించెను. అంతవరకు మూగవలె నున్న శాసనములు మాటాడ నారంభించినట్లయ్యెను. 1803లో బొర్రయ్య చిన్నవయసుననే మరణించెను. తమ్ముడు లక్ష్మయ్య ఆ భారమును వహించెను.

మెకంజీ సహాయకులు ఊరూర తిరిగి, కరణముల కవిలెలను పరిశీలించి, వృద్ధుల మాటలు విని, గ్రామచరిత్రలు వ్రాసిరి. అవియే కైఫీయతులు. 1816లో మెకంజీ అమరావతి స్తూపశిల్పములకు చిత్రములు గీయించుట ప్రారంభించెను. ఆ శిలలలో కొన్ని తరువాత నశించెను. నేడు వాని రూపము ఆ చిత్రములందే కలదు.

1815లో అతడు భారతదేశమున కంతటికిని సర్వేయర్ జనరల్ పదవిని పొందెను. 1821 మే 8వ తేదీన వంగదేశమున మరణించెను. అతడు సేకరించిన 1,500కు మించిన గ్రంథములను, 8,000కు మించిన శాసన ప్రతులను, 6,000కు మించిన నాణెములను ప్రభుత్వము లక్ష రూపాయలకు అతని భార్యనుండి కొనెను. పిమ్మట సి. పి. బ్రౌను శిథిలమగుచున్న తెలుగు కైఫీయతులకు నకళ్లు వ్రాయించి కాపాడెను.

1816లో థామస్ హిక్కీ చిత్రించిన పటమున మెకంజీ ఎఱ్ఱని సైనిక దుస్తులతో నిలిచియున్నాడు. అతనిచెంత భారతీయ సహాయకులు కలరు. ఆ పటము సత్యమునే చెప్పుచున్నది. దేశమును జయింప వచ్చిన సేనలో అతడొక సైనికుడు. కాని అతని పేరు నిలిపినది ఖడ్గము కాదు, మన పల్లెల కథలు. ఆ కథలు చదువునపుడు మెకంజీతోపాటు కావలి సోదరులను గూడ స్మరించుట మన ధర్మము.