ఒంటిచేత్తో ప్రాగ్‌ని బంధించాడు

మీకిప్పుడు ఇరవై ఏళ్లనుకోండి. కొన్నేళ్లు కష్టపడి ఓ చేతిపని నేర్చుకున్నారు. దానికి రెండు చేతులూ కావాలి. సరిగ్గా అప్పుడే ఓ చేయి పోయింది. అదీ కుడిచేయి! ఏం చేస్తారు?

యోసెఫ్ సుడెక్‌కి ఎదురైంది ఇదే. ఇప్పటి చెక్ దేశంలోని కొలీన్ పట్టణంలో 1896లో పుట్టాడు. ఇళ్లకు రంగులు వేసే తండ్రి, ఇతను ఊహ తెలియని వయసులో ఉండగానే చనిపోయాడు. సుడెక్ ప్రాగ్‌కి వెళ్లి పుస్తకాల బైండింగ్ నేర్చుకున్నాడు. అక్కడ తోటి పనివాడి వల్ల ఫొటోలు తీయడం సరదాగా అలవాటైంది. ఇంతలో మొదటి ప్రపంచ యుద్ధం. సైన్యంలోకి రమ్మన్నారు, ఇటలీ వైపు పంపారు. అక్కడే గాయమైంది. ప్రాణం దక్కాలంటే కుడిచేతిని భుజం దాకా తీసేయక తప్పలేదు.

ఇక బైండింగ్ చేయలేడు. ఆఫీసులో ఉద్యోగం ఇస్తామన్నారు. మనింట్లో అయితే ఎగిరి గంతేసే మాటే! అతను మాత్రం వద్దనేశాడు. ఫొటోగ్రఫీయే చేస్తానన్నాడు. దీన్ని ఒట్టి ధైర్యం అనేసుకోకండి. గాయపడిన సైనికుడిగా అతనికి పింఛను వచ్చేది. తిండికి లోటు లేకుండా చూసింది అదే. ఆ ఆసరాని తీసుకెళ్లి చదువు మీద పెట్టాడు. 1922లో ప్రాగ్‌లోని గ్రాఫిక్ ఆర్ట్స్ స్కూల్లో చేరి రెండేళ్లు ఫొటోగ్రఫీ చదివాడు. మాజీ సైనికుల ఆశ్రమంలో తనలాగే దెబ్బతిన్న వాళ్లని ఫొటోలు తీశాడు.

అయినా పోయిన చేయి మనసులోంచి పోలేదు. 1926లో చెక్ ఫిల్‌హార్మోనిక్ సంగీత బృందంతో కలిసి ఇటలీ వెళ్లాడు. ఓ రాత్రి కచేరీ మధ్యలో లేచి బయటికి వచ్చేశాడు. చీకట్లో నడుచుకుంటూ తెల్లారేసరికి తాను గాయపడిన చోటుని వెతికి పట్టుకున్నాడు. తన చేయి అక్కడ దొరకలేదు. దాదాపు రెండు నెలలు అటే ఉండిపోయాడు, స్నేహితులు కంగారుపడిపోయారు. తిరిగొచ్చాక మళ్లీ దేశం దాటి వెళ్లనే లేదు. ఈ సంగతి పెద్దయ్యాక ఆయనే చెప్పుకున్నాడు.

ఆ తర్వాత పనే లోకం. ప్రాగ్ కోటలోని సెయింట్ వైటస్ చర్చిలో నిర్మాణం పూర్తికావస్తున్న రోజులవి. ఏళ్ల తరబడి అక్కడికి వెళ్లి, రాళ్లకుప్పల మీద పడే వెలుగుని ఫొటోలు తీశాడు. వాటిలోంచి 15 ఎంచి 1928లో సంపుటిగా తెచ్చాడు. పేరొచ్చింది. పొట్ట కోసం ప్రకటనల ఫొటోలూ తీశాడు, మనుషుల ఫొటోలూ తీశాడు. బరువైన పెట్టె కెమెరాలని ఒళ్లో పెట్టుకుని, ఎడమచేత్తో సరిచేస్తూ, అది చాలకపోతే పళ్లతో పట్టి లాగేవాడట. చూడండి మరి!

1939లో నాజీలు ప్రాగ్‌ని ఆక్రమించారు. వీధుల్లో కెమెరా పట్టుకు తిరగడం కష్టమైపోయింది. పెరట్లో ఉన్న చిన్న చెక్క స్టూడియోలో కూర్చుని, తన కిటికీనే తీయడం మొదలుపెట్టాడు. అద్దం మీద ఆవిరి, మంచు, బయట వంకర తిరిగిన ఓ చెట్టు. అంతే! అదే కిటికీని 1940 నుంచి 1954 దాకా తీస్తూనే ఉన్నాడు. నన్నడిగితే ఆయన పనిలో గొప్పది ఇదే.

1940లోనే మరో మార్పు. పాతకాలపు కాంటాక్ట్ ప్రింట్ ఒకటి చూశాడు. అంటే నెగెటివ్‌ని నేరుగా కాగితం మీద పెట్టి తీసే ప్రింటు, పెద్దది చేయడం ఉండదు. నెగెటివ్ ఎంతో ఫొటో అంతే. అందులోని స్పష్టత చూసి, ఇక ఎన్‌లార్జ్ చేయనని తీర్మానించుకున్నాడు. పెద్ద ఫొటో కావాలంటే పెద్ద కెమెరా మోయాల్సిందే. ఒక్క చేయే ఉన్న మనిషి ఆ బరువుని భుజాన వేసుకుని నగరమంతా తిరిగాడు. 19వ శతాబ్దపు కొడాక్ పనోరమిక్ కెమెరాతో తీసిన 284 ఫొటోల ప్రాగ్ పుస్తకం 1959లో వచ్చింది.

పెళ్లి చేసుకోలేదు. తోడుగా, పనిలో సాయంగా చెల్లెలు బొజెనా ఉండేది. గదినిండా సంగీతం రికార్డులు, కాగితాల గుట్టలు. మంగళవారం వచ్చిందంటే స్నేహితులు చేరేవారు, అందరూ కలిసి పాటలు వినేవారు.

1974లో అమెరికాలోని జార్జ్ ఈస్ట్‌మన్ హౌస్ ఆయన ఫొటోలతో ప్రదర్శన పెట్టింది. 1976లో, 80 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. ఆ చెక్క స్టూడియో తర్వాత కాలిపోయింది. ఉన్నది ఉన్నట్టుగా మళ్లీ కట్టి గ్యాలరీ చేశారు. చదువుకో, ఉద్యోగానికో ప్రాగ్ వెళ్తే, ఉయెజ్ద్ వీధిలో ఇళ్ల వెనక పెరట్లో ఉంటుంది, వెతకండి.