కంటితో నేర్చిన మాటలు, చెవితో నేర్చిన మాటలు



మీ పాప ఇంగ్లీషు పాఠం గడగడా చదివేస్తుంది. మీరు మురిసిపోయేలోపే ‘ఐలండ్’ అనాల్సిన చోట ‘ఇస్లాండ్’ అంటుంది. డిక్టేషన్‌లో ఇరవైకి ఇరవై తెచ్చుకునే బాబు నలుగురిలో నోరు విప్పడు. ఇంకో బిడ్డ చక్కగా మాట్లాడతాడు, రాయమంటే మాత్రం అక్షరాలు తారుమారవుతాయి. ఇంగ్లీషు రావడం అంటే ఒకటే పని అనుకుంటే ఇవన్నీ వింతగానే ఉంటాయి. నిజానికి అందులో మూడు పనులున్నాయి: ధ్వనులు పట్టుకోవడం, స్పెల్లింగ్ గుర్తుంచుకోవడం, చదివింది అర్థం చేసుకోవడం. ఈ మూడూ ఒకే వేగంతో రావు. ఈ సంగతిని తన జీవితంతోనే చూపించిన ఒక మనిషిని ఈ నెల మీకు పరిచయం చేస్తాం.

ఆయన జోసెఫ్ కాన్రాడ్. ఇంగ్లీషు నవలాకారుల్లో మేటి. కానీ ఇంగ్లీషు ఆయన మాతృభాష కాదు, రెండో భాష కూడా కాదు.

కాన్రాడ్ 1857 డిసెంబరు 3న ఇప్పటి ఉక్రెయిన్‌లోని బెర్దిచివ్‌లో ఒక పోలిష్ కుటుంబంలో పుట్టారు. తండ్రి కవి. షేక్‌స్పియర్‌ను, విక్టర్ హ్యూగోను పోలిష్‌లోకి అనువదించినవారు. అప్పటి రష్యా ప్రభుత్వం రాజకీయ కారణాలతో ఆయనను అరెస్టు చేసి, భార్యాబిడ్డతో సహా దూరప్రాంతానికి పంపించేసింది. ఆ కష్టాల్లో తల్లి 1865లో, తండ్రి 1869లో చనిపోయారు. పదకొండేళ్లకే అనాథ అయిన పిల్లవాణ్ని మేనమామ చేరదీశాడు. అప్పటికి ఆ పిల్లవాడికి ఇంగ్లీషు రాదు. కానీ తండ్రి అనువాదం చేస్తున్న కాగితాలు చదివాడు. షేక్‌స్పియర్ నాటకాన్ని తన సొంత భాషలో తెలుసుకున్నాడు. ఈ విషయం గుర్తుంచుకోండి, మళ్లీ అవసరమవుతుంది.

1874లో, పదిహేడో ఏడు నిండకముందే, ఓడల మీద పని చేయాలని ఫ్రాన్స్‌లోని మార్సేకు వెళ్లారు. ఫ్రెంచి ఆయనకు బాగా వచ్చు. 1878లో ఒక బ్రిటిష్ ఓడలో చేరి, ఆ జూన్‌లో ఇంగ్లండ్ తూర్పు తీరంలోని లోస్టాఫ్ట్ రేవులో దిగారు. అప్పటికి వయసు ఇరవై. ఇంగ్లీషులో నాలుగు ముక్కలకు మించి రావు. తర్వాత న్యూకాసిల్ నుంచి బొగ్గు మోసే చిన్న ఓడలో చేరారు. అక్కడి నావికులే ఆయనకు తొలి ఇంగ్లీషు గురువులు. తాడు లాగమన్నప్పుడు, తెరచాప దించమన్నప్పుడు విన్న మాటలే తొలి పాఠాలు. తీరిక దొరికితే చేతికందిన న్యూస్‌పేపర్ చదివేవారు. ఓడ మరమ్మతు కోసం ఫాల్మత్ రేవులో ఆగినప్పుడు, చుట్టూ సుత్తుల చప్పుడు మధ్య, ఒకే సంపుటంలో ఉన్న షేక్‌స్పియర్ రచనలను ఇంగ్లీషులో చదువుకున్నారు.

1884 ఏప్రిల్‌లో ఆయన మద్రాసు రేవులో ఒక ఓడను విడిచి, రైలెక్కి బొంబాయి వెళ్లి ఇంకో ఓడలో చేరారు. అప్పటికి ఇంగ్లీషు మొదలుపెట్టి ఆరేళ్లు. ఓడ అధికారి పరీక్షలన్నీ ఇంగ్లీషులోనే. మధ్యలో రెండుసార్లు తప్పి, మళ్లీ రాసి, 1886లో కెప్టెన్ అర్హత సంపాదించారు. అదే ఏడాది బ్రిటిష్ పౌరుడయ్యారు. 1895లో, ముప్పై ఏడేళ్ల వయసులో, తొలి నవల ‘ఆల్‌మేయర్స్ ఫాలీ’ వెలువడింది. తర్వాత ‘హార్ట్ ఆఫ్ డార్క్‌నెస్’, ‘లార్డ్ జిమ్’, ‘నోస్ట్రోమో’ వచ్చాయి.

ఇప్పుడు అసలు విషయం. ఆయన రాతను మొదట గుర్తించినవారిలో ఎడ్వర్డ్ గార్నెట్ ఒకరు, ప్రచురణ సంస్థకు రాతప్రతులు చదివి పెట్టేవారు. కాన్రాడ్ ఒకసారి తన రాతప్రతిలోని పేజీలు ఆయనకు పైకి చదివి వినిపించారు. ఎన్నో మాటలు తప్పుగా పలకడంతో గార్నెట్‌కు అర్థం చేసుకోవడం కష్టమైంది. తర్వాత కారణం తెలిసింది. ఆ మాటలను కాన్రాడ్ ఎవరి నోటా విననే లేదు. పుస్తకాల్లో చూసి నేర్చుకున్నారు. అర్థం తెలుసు, వాడే చోటు తెలుసు, తెలియనిదల్లా ఆ మాట ఎలా వినిపిస్తుందో ఒక్కటే.

పోలిష్‌లో అక్షరానికీ ధ్వనికీ పొత్తు బాగా కుదురుతుంది, మన తెలుగులాగే. ఇంగ్లీషు అలా కాదు. ఇరవై ఆరు అక్షరాలతో దాదాపు 44 ధ్వనులను నెట్టుకురావాలి. రాసినవన్నీ పలకరు, ‘డౌట్’లో ‘బి’ ఉన్నా వినపడదు. పైగా పోలిష్‌లో మాటను నొక్కి పలికే చోటు చాలావరకు చివరి నుంచి రెండో అక్షరం దగ్గరే. ఇంగ్లీషులో ఆ చోటు మాటమాటకూ మారుతుంది. మన పిల్లల నోటికీ మన భాష అలవాట్లు ఉంటాయి. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కాబట్టి బస్ ‘బస్సు’ అవుతుంది. ‘వి’కీ ‘డబ్ల్యూ’కీ ఒకే ‘వ’ పలుకుతారు. ‘జెడ్’ వచ్చిన చోట ‘జ’ వస్తుంది. ఇవి తెలివితక్కువతనం వల్ల వచ్చే తప్పులు కావు. మొదటి భాష నోటికి నేర్పిన దారులు.

కాన్రాడ్ ఉచ్చారణలో విదేశీ యాస చివరిదాకా పోలేదు. ఉపన్యాసాలంటే ఆయనకు బెరుకు. అయినా 1923లో న్యూయార్క్‌లో ఒక ఇంట్లో, ఆహ్వానితుల ముందు తన ‘విక్టరీ’ నవల చదివి వినిపించారు. నాయిక మరణించే ఘట్టం వచ్చేసరికి విన్నవారి కళ్లు చెమర్చాయని భార్యకు ఉత్తరం రాశారు. పెద్దయ్యాక నేర్చుకున్న భాషలో పదసంపద, వాక్యనిర్మాణం శిఖరానికి చేరినా ఉచ్చారణ వెనకబడి ఉండవచ్చు. ఈ తేడాకు భాషాశాస్త్రవేత్త థామస్ స్కోవెల్ కాన్రాడ్ పేరే పెట్టారు.

మరి మన ఇళ్లలో దీనివల్ల ఏం తెలుసుకోవాలి?

మీ పిల్లలకు కాన్రాడ్‌కు లేని వరం ఉంది. వాళ్లు ఇరవై ఏళ్లకు కాదు, నర్సరీలోనే మొదలుపెట్టారు. చిన్న వయసులో చెవి కొత్త ధ్వనులను సులువుగా పట్టుకుంటుంది. కాబట్టి కొత్త మాట స్పెల్లింగ్ బట్టీ పట్టించేముందు ఒకసారి వినిపించండి. ఫోన్‌లోని డిక్షనరీ ఉచ్చారణ వినిపిస్తుంది. విన్న తర్వాత చూసి చదవాలి, ఆ తర్వాత రాయాలి. రోజూ పది నిమిషాలు పైకి చదివించండి. కంటితో మాత్రమే నేర్చిన మాట ఎక్కడుందో అప్పుడే బయటపడుతుంది. తప్పు దొర్లితే మధ్యలో ఆపకండి, నవ్వకండి. వాక్యం అయ్యాక ఆ ఒక్క మాట సరిచేస్తే చాలు.

తెలుగు మీడియంలో చదివాం, మా ఇంగ్లీషు అంతంతమాత్రం, మేమేం నేర్పగలం అని మీలో కొందరు వెనక్కి తగ్గుతుంటారు. కాన్రాడ్ చిన్నతనం గుర్తు చేసుకోండి. షేక్‌స్పియర్ ఆయనకు ముందు సొంత భాషలో పరిచయమయ్యాడు. ఇంగ్లీషులో చదివేనాటికి కథ అంటే ఏమిటో, మనుషులు ఎలా మాట్లాడతారో లోపల సిద్ధంగా ఉంది. ఇంగ్లీషులో చదివిన పాఠాన్ని మీ బిడ్డ చేత తెలుగులో చెప్పించుకోండి. చెప్పగలిగితే అర్థమైనట్టే. చెప్పలేకపోతే, ఎంత గడగడా చదివినా ఇంకా అందలేదని మీకు తెలుస్తుంది. ఆ పరీక్ష పెట్టడానికి మీకు ఇంగ్లీషు రానక్కర్లేదు.

ఇంకొక్క మాట. యాసను బట్టి మీ బిడ్డ ఇంగ్లీషుకు మార్కులు వేయకండి. ఎదుటివారికి అర్థమయ్యేలా పలకడం అవసరమే, సాధన చేయించాల్సిందే. దొరల యాస రాలేదని ఇంట్లో చిన్నబుచ్చితే, నేర్చుకోవాల్సిన నోరే మూతపడుతుంది.

కాన్రాడ్ 1924 ఆగస్టు 3న కన్నుమూశారు. ఇంగ్లండ్‌లోని కాంటర్‌బరీలో ఆయన సమాధి ఉంది. దాని మీది రాతిలో ఆయన పోలిష్ పేరు చెక్కారు. అందులో ‘తెయొదోర్’ అన్న మాట స్పెల్లింగ్ తప్పు పడింది. పరాయి భాష మాట కొత్తగా ఎదురైతే ఇంగ్లీషువారి చేయి కూడా తడబడుతుంది. రేపు మీ బిడ్డ నోట్‌బుక్‌లో ఎర్ర సిరా గీత కనిపించినప్పుడు ఆ రాయి ఒకసారి గుర్తుకు తెచ్చుకోండి.