దుర్గ్ దాకా వెళ్లిన శ్రీకాకుళం రంగులు

వడ్డాది పాపయ్య అంటే కొందరు తడుముకోవచ్చు. వపా అంటే చాలు, పాత చందామామ అట్టలు కళ్లముందు నిలుస్తాయి. 1921 సెప్టెంబర్ 10న శ్రీకాకుళంలో పుట్టిన ఆయనకు తండ్రే తొలి గురువు. చిన్ననాడు చూసిన రవివర్మ బొమ్మలు ఆయన మీద బలమైన ముద్ర వేశాయి.

ఆంధ్రపత్రిక, భారతి, యువ వంటి పత్రికలకు బొమ్మలు వేసిన వపా, చక్రపాణి పిలుపుతో చందామామకు వచ్చారు. ఎం.టి.వి. ఆచార్య తర్వాత ముఖచిత్రాల బాధ్యత ప్రధానంగా ఆయనదే అయింది. రామాయణ, భారతాలు, పురాణగాథలు, కావ్యనాయికలు, ఋతువులు, రాగాలు ఆయనకు వస్తువులు. కథలో ఒక్క క్షణాన్ని ఎంచుకుని, పాత్ర నిలబడే తీరు, నగలు, చీరకట్టు, వెనకాల కొండా చెట్టూ అన్నీ ఆ క్షణానికి తగ్గట్టు దిద్దేవారు. ముందు సాహిత్యం ఒంటబట్టాకే కుంచె కదిలేది.

ఆ బొమ్మలు తెలుగునాట ఆగిపోలేదు. 1959లో భిలాయి ఉక్కు కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలైంది. పనికోసం వెళ్లిన తెలుగువాళ్లు దుర్గ్, భిలాయిల్లో స్థిరపడ్డారు. అప్పటికే చందామామ హిందీలోనూ వస్తోంది. ఒక క్వార్టర్‌లో తెలుగు సంచిక, పక్క క్వార్టర్‌లో హిందీ సంచిక ఉంటే లోపలి అక్షరాలు వేరు, అట్టమీది బొమ్మ మాత్రం ఒకటే. భాష రానివాడికి కూడా అర్జునుడెవరో, హనుమంతుడెవరో ఆ బొమ్మే చెప్పేది.

అయినా పత్రికల బొమ్మలను గ్యాలరీ కళతో సమానంగా చూసినవారు తక్కువ. వపా కూడా ప్రచారానికి దూరంగానే ఉన్నారు. చివరి రోజులు అనకాపల్లి దగ్గర కశింకోటలో గడిపి, 1992 డిసెంబర్ 30న కన్నుమూశారు.

ఆయనకు రెండో జీవితం ఇచ్చింది కంప్యూటరే. అభిమానులు పాత సంచికలను స్కాన్ చేసి దాచకపోతే ఈ తరానికి ఆ రంగులు దక్కేవి కావు. అచ్చులో నాలుగు రంగుల చుక్కలుగా ఉన్న బొమ్మ ఇప్పుడు తెరమీద పిక్సెళ్లయింది. చిక్కంతా ఆ తర్వాతే వస్తోంది. సంతకం ఉన్న మూల కత్తిరిస్తే అది ఎవరిదో తెలియని బొమ్మ అయిపోతుంది. కృత్రిమ మేధకు రెండు మాటలు చెబితే అదే పోకడలో మరో శకుంతల పుడుతుంది.

టాబ్లెట్ మీద ఇతిహాసాలు గీసే యువతను తప్పుపట్టాల్సిన పనిలేదు. వపా బొమ్మలూ ఆనాటి అచ్చుయంత్రం ఆసరాతోనే లక్షల ఇళ్లకు చేరాయి. కాకపోతే ఆయన గీతను అనుకరించే ముందు ఆయన చదివిన కావ్యాన్ని చదవాలి. బొమ్మను వాడుకుంటే కింద ఆయన పేరు రాయాలి. జీవితమంతా అట్టమీద రెండక్షరాల సంతకంతోనే సరిపెట్టుకున్న మనిషికి ఆ రెండక్షరాలైనా మిగలాలి కదా.