వైద్యుడు జాన్ స్నో

దప్పిక గొన్న బాలుడు కుళాయి త్రిప్పి నీరు త్రాగునపుడు, ఆ నీరెచ్చటినుండి వచ్చెనో విచారింపడు. ఆ విచారణకై పాటుపడిన యొక వైద్యుని చరిత్రమును మా చదువరులకు సంగ్రహముగా దెలుప గోరుచున్నాము.

జాన్ స్నో 1813వ సంవత్సరము మార్చి 15వ తేదీన ఇంగ్లండు దేశమందలి యార్కు పట్టణమున నొక కూలివానికి ప్రథమ పుత్రుడుగా జన్మించెను. 14వ యేట న్యూకాసిల్ నగరమున నొక వైద్యునికి శిష్యుడయ్యెను. అచ్చట 1831-32లో బొగ్గుగని పనివారు కలరాచే మరణించుట కన్నులార జూచెను. 1836లో లండను చేరి, 1844లో ఎం.డి. పట్టమందెను. 1853లో విక్టోరియా రాణికి ప్రసవసమయమున క్లోరోఫారము నిచ్చిన వాడీతడే. రాజమందిరమున మన్నన గాంచియు నీతడు పేదల వీధులను మరువలేదు.

కలరా దుర్గంధపు గాలివలన వచ్చునని ఆ కాలపు వైద్యులు పెక్కుమంది నమ్ముచుండిరి. రోగుల మలము కలసిన నీరే ముఖ్యకారణమని స్నో 1849లో ప్రకటించెను. 1854 ఆగస్టు చివర లండనులోని బ్రాడు వీధి ప్రాంతమున కలరా చెలరేగి, పది దినములలో 500 మందికి పైగా మరణించిరి. మృతులలో ననేకులు ఆ వీధి పంపు నీరు త్రాగినవారేయని స్నో కనుగొని, సెప్టెంబరు 7న ఆ పేట పాలకసంఘమువారికి నివేదించెను. వారు మరునాడే పంపు పిడిని దీయించిరి. రోగ మప్పటికే తగ్గుముఖము పట్టియుండెను. మొదట స్నో మాట నమ్మని ఆ పేట పాదిరి హెన్రీ వైట్‌హెడ్ స్వయముగా విచారించి, తుద కతని పక్షమే వహించెను.

థేమ్సు నదికి దక్షిణమున రెండు కంపెనీలు ఒకే వీధులలో కుళాయి నీరమ్ముచుండెను. లాంబెత్ కంపెనీ 1852లోనే మురుగు చేరని ఎగువ తావునకు మారెను. సదర్కు-వాక్సాల్ కంపెనీ మురుగు కలియుచోటనే నీరు తోడుచుండెను. 1854లో ఆ రోగము సాగిన మొదటి ఏడు వారముల మరణములను స్నో లెక్కింపగా, 10,000 ఇండ్లకు మొదటి కంపెనీ నీరు త్రాగినవారిలో 37 మందియు, రెండవదాని నీరు త్రాగినవారిలో 315 మందియు చనిపోయిరి. వారందరు ఇరుగుపొరుగువారు, పీల్చిన గాలి యొకటే, గొట్టము మాత్రమే వేరు. తమకు నీరిచ్చు కంపెనీ పేరైనను పలువురెరుగరు.

స్నో 1858 జూను 16న 45వ యేట మరణించెను. ఆయన సిద్ధాంతమునకు జీవితకాలమున సంపూర్ణాంగీకారము లభింపలేదు. 1902 నాటి శాసనముచే నేర్పడిన ప్రజాసంఘము 1904లో కంపెనీలనుండి లండను నీటి సరఫరాను స్వాధీనము గావించుకొనెను.

నేటికిని మన పెరుగుచున్న నగరములలో ఒక పేటవారింటికి కుళాయి నీరు వచ్చుచుండ, మరియొక పేటవారు లారీ నీటికై బిందెలతో నిలువబడుచున్నారు. తన యింటికి వచ్చు నీటిని పేదవాడు తానెంచుకొనజాలడు. కావున అందరికి నొకే విధమైన మంచినీరందించుట పురపాలకుల విధి. ఏ వీధికి ఎట్టి నీరు వచ్చుచున్నదో స్నో వలె నోపికతో విచారించి పాలకులకు దెలుపుట చదువుకొన్నవారి విధియని మా విద్యార్థులకు మనవి చేయుచున్నాము.