సుల్తాన్ ఖాన్ చదరంగం

మామిడికుదురులో ఏ వీధి అరుగు మీదనైనా ఇద్దరు పెద్దలు చదరంగానికి కూర్చుంటే వారికి పొద్దు తెలియదు. గెలిచినవారికి దక్కేదేమీ లేదు, ఓడినవారికి పోయేదీ లేదు. అయినా మరునాడు అదే వేళకు పావులు పేర్చుకుంటారు. శ్రీకృష్ణదేవరాయలను చదరంగంలో ఓడించి బొడ్డుచర్ల తిమ్మన గ్రామాన్ని బహుమతిగా పొందాడని మన చాటువులు చెబుతాయి. గ్రామాలిచ్చే రాయలు ఇప్పుడు లేరు, ఆట మాత్రం ఆగలేదు. ఎందుకాగలేదని మేము ఆలోచించినప్పుడల్లా తిమ్మన కన్న ముందుగా మాకు గుర్తుకు వచ్చే పేరు మీర్ సుల్తాన్ ఖాన్.

అవిభక్త పంజాబులోని మిఠా టివానా అనే గ్రామంలో 1903 ప్రాంతంలో ఆయన జన్మించారు. తొమ్మిదేళ్ళ వయస్సులో తండ్రి వద్ద ఆట నేర్చుకున్నారు. ఆ నేర్చినది దేశవాళీ చదరంగం. అందులో బంటు తొలి ఎత్తులో కూడ ఒక్క గడి మాత్రమే నడుస్తుంది. ఐరోపా పద్ధతిలో కోట కట్టుకోవడం ఉండదు. రాజు ఒకే ఒక్కసారి గుర్రంలా దుమకవచ్చు. మన తాతలు అరుగుల మీద ఆడినదీ ఇంచుమించు ఇటువంటి ఆటే. అందుచేత సుల్తాన్ ఖాన్ కథ మనకు పరాయిది కాదు.

ఆ ప్రాంతపు పెద్ద జమీందారు సర్ ఉమర్ హయాత్ ఖాన్ టివానా ఆయన ప్రతిభను గుర్తించి తన ఆశ్రయంలోకి తీసుకున్నారు, ఐరోపా నియమాలను నేర్పించారు. 1928లో అఖిల భారత పోటీలో తొమ్మిది ఆటలు ఆడి, ఎనిమిది గెలిచి, ఒకటి డ్రా చేసి సుల్తాన్ ఖాన్ ప్రథములయ్యారు. మరుసటి వసంతంలో ప్రభువు వెంట లండను చేరారు. అక్కడ అభ్యాసం కోసం ఏర్పాటు చేసిన చిన్న పోటీలో బాగా వెనుకబడ్డారు. కొద్ది నెలలకే రామ్స్‌గేట్‌లో జరిగిన బ్రిటిష్ చాంపియన్‌షిప్‌ను గెలిచి అందరినీ నివ్వెరపరిచారు. 1932, 1933 సంవత్సరాలలో తిరిగి ఆ బిరుదును సాధించారు. ఐరోపా క్రీడాకారులు ఆట ఆరంభాలను గ్రంథాల నుండి కంఠస్థం చేసి వచ్చేవారు. ఆయనకు ఆ గ్రంథాలతో పరిచయం లేదు. కనుక ఆరంభంలో తరచు వెనుకబడేవారు, పావులు పలుచబడిన ఆఖరిదశలో ముందుకు వచ్చేవారు. ఆయన నిరక్షరాస్యులని పాశ్చాత్యులు కొందరు వ్రాశారు. కుటుంబసభ్యులు దానిని ఖండించారు. ఇంగ్లీషు రానివారిని చదువురానివారుగా జమకట్టడం ఆ రోజులలో మామూలే.

1930 డిసెంబరు చివర హేస్టింగ్స్‌లో మొదలైన పోటీలో ఆయన క్యూబా దేశస్థుడైన కాపాబ్లాంకాను ఎదుర్కొన్నారు. 1921 నుండి 1927 వరకు విశ్వవిజేతగా నిలిచిన మహానుభావుడాయన. అటువంటివానితో ఆడుతూ సుల్తాన్ ఖాన్ తన మంత్రిని ఇచ్చివేసి ప్రత్యర్థి ఏనుగులు రెంటినీ పుచ్చుకున్నారు. మంత్రి లేని సైన్యంతో, తొందరపడకుండా, ఎదుటివారి పావులకు కదలే చోటు లేకుండా గడి వెంట గడి బిగించుకుంటూ వచ్చారు. 65వ ఎత్తుకు ఆట ముగిసింది, కాపాబ్లాంకా ఓడారు. ఆ 65 ఎత్తులను పలక మీద ఒక్కొక్కటిగా నడిపి చూసినప్పుడు మాకు విసుగు కలుగలేదు. నడుమ అనేక ఎత్తులు పైకి ఏమీ చేయనట్లే ఉంటాయి. చివరకు అవన్నీ పనిచేసినట్లు తెలుస్తుంది.

అదే శీతకాలంలో టార్టకోవర్‌తో పన్నెండు ఆటల పోటీ ఆడి, ఆరున్నరకు అయిదున్నర పాయింట్ల ఆధిక్యంతో నెగ్గారు. 1930, 1931, 1933 ఒలింపియాడ్లలో ఇంగ్లండు జట్టుకు మొదటి బల్ల ఆయనదే. ఇంతటివాడు లండనులో ప్రభువు ఇంట విందుకు వచ్చిన అమెరికా జట్టుకు వడ్డన చేశాడని అతిథులలో ఒకరైన రూబెన్ ఫైన్ తరువాత వ్రాశారు. ఆ మాట ఎంతవరకు నిజమో గాని, పలక ముందు కూర్చున్నంతసేపే ఆయన ఎవరితోనైనా సమానుడన్నది మాత్రం నిజం. అక్కడ ఎత్తును బట్టే మనిషిని ఎంచేవారు. ఆ ఇంటి పరిచారిక ఫాతిమా సైతం 1933లో బ్రిటిష్ మహిళా చాంపియన్ అయింది. మా కళాశాల విద్యార్థినులు ఈ పేరును కూడ గుర్తుంచుకోవాలని మా కోరిక.

ఇంగ్లండు చలి సుల్తాన్ ఖాన్‌కు సరిపడలేదు. జలుబు, చలిజ్వరం తరచు బాధించేవి. 1933 చివర ప్రభువుతో స్వదేశానికి మరలినప్పుడు ఆయనకు ముప్పై ఏళ్ళు. 1935లో ఖాడిల్కర్‌తో పది ఆటలు ఆడి తొమ్మిదింటిని గెలిచారు, ఒకటి డ్రా అయింది. ఆపైన పెద్ద పోటీలలో కనబడలేదు. 1944లో ఉమర్ హయాత్ ఖాన్ కన్నుమూశారు. మూడేళ్ళకు దేశం రెండయింది, సుల్తాన్ ఖాన్ ఊరు పాకిస్తానులో చేరింది. 1955లో మనకు సమీపాన ఉన్న ఏలూరులో భారత జాతీయ చదరంగ పోటీలు తొలిసారి జరిగాయి. మన డి. వెంకయ్య ఉమ్మడి విజేతగా నిలిచారు. ఆ సంవత్సరం సుల్తాన్ ఖాన్ సరిహద్దుకు ఆవల తన కొద్దిపాటి పొలం చూసుకుంటూ ఉన్నారు.

ఆయన తన పిల్లలకు చదరంగం నేర్పలేదని, అంతకన్న ఉపయోగమైన పని చేయండని చెప్పారని అంటారు. దీనిని పట్టుకొని ఆయనకు ఆట మీద మమకారం లేదని, ప్రభువు ఆడించినందువల్ల ఆడాడని వాదించేవారు ఉన్నారు. మేము అంగీకరించలేము. పోటీకి పంపేది ప్రభువు కావచ్చు. కాపాబ్లాంకా ఎదుట 65 ఎత్తుల ఓర్పును ఏ ప్రభువు ఆజ్ఞాపించగలడు? ఆట కూడుపెట్టదని ఆయనకు అనుభవం మీద తెలుసు, బిడ్డలకు చెప్పినది ఆ సంగతే. అరుగు మీద పెద్దలకు కూడ అది తెలుసు. వారు కూటికోసం ఆడటం లేదు.

1966 ఏప్రిల్ 25న సర్గోధాలో క్షయవ్యాధితో సుల్తాన్ ఖాన్ మరణించారు. జీవించి ఉన్నంతకాలం అంతర్జాతీయ సమాఖ్య ఆయనకు ఏ బిరుదునూ ఇవ్వలేదు. 2024 ఫిబ్రవరిలో గౌరవ గ్రాండ్‌మాస్టర్‌గా ప్రకటించింది.